రేలా, పొగడా? పెరట్లో ఒక్క చెట్టుకే చోటుంటే

పెరట్లో ఒక్క చెట్టుకే చోటుంది. అది మన నేల చెట్టే కావాలి, పూలు పూయాలి, పదికాలాల పాటు ఉండాలి. ఇలా లెక్కలు వేసుకునేవాళ్ళకి చివరికి మిగిలే పేర్లు చాలాసార్లు రెండే: రేల, పొగడ. మొదటిది ఎండాకాలంలో పసుపు గుత్తులు వేలాడేసుకుని నిలబడుతుంది. రెండోది ఏడాది పొడవునా ముదురాకుపచ్చగా ఉండి, తెల్లారేసరికి కింద నేలంతా చిన్న చిన్న పూలు రాల్చి పెడుతుంది.

ఈ రెండింటినీ పూల అందం చూసి తేల్చుకోబోతే చిక్కే. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఏప్రిల్, మే నెలల్లో ఆ చెట్టు నుంచి మీకేం కావాలి? ఆ రెండు నెలల్లో రేల ఆకు దులిపేసుకుని ఒళ్ళంతా పూలే అయిపోతుంది. కన్నుల పండుగే, కానీ కింద నీడ జల్లెడలోంచి పడ్డట్టు ఉంటుంది. పొగడ పూలు కనబడీ కనబడవు. దాని కింద మాత్రం మిట్టమధ్యాహ్నం మంచం వాల్చుకోవచ్చు. రేలది దూరం నుంచి చూసుకునే అందం, పొగడది దగ్గరకెళ్ళి కూర్చుంటే తెలిసే సుఖం. మిగతా తేడాలన్నీ దాదాపుగా దీని వెనకే వస్తాయి.

పుట్టిల్లు చెప్పే సంగతులు

రేల మన పొడి అడవుల చెట్టు. తూర్పు కనుమల్లోనూ దక్కను పీఠభూమి మీదా ఏటా ఆకురాల్చే అడవుల్లో మద్దితో, చండ్రతో, తునికితో కలిసి పెరుగుతుంది. నాలుగైదు నెలలు వాన చుక్క లేకపోయినా ఓర్చుకోవడం దానికి పుట్టుకతో అబ్బింది. నీళ్ళు తగ్గితే ఆకు రాలుస్తుంది, ఆకు రాల్చాక పూస్తుంది. పొగడ సొంత చోటు పడమటి కనుమల తడి అడవులు. అక్కడి సతతహరిత చెట్ల మధ్య పెరిగిన జాతి కాబట్టి ఆకులన్నీ ఒక్కసారిగా రాల్చే అలవాటు లేదు. మందమైన, మైనం పూసినట్టు మెరిసే ఆకు ఉండటం వల్ల మన ఎండలకూ తట్టుకుంటుంది గానీ చిన్నప్పుడు నీటి కోసం మారాం చేస్తుంది.

రెండింటికీ శాస్త్రీయ నామాలు 1753లో లిన్నేయస్ పెట్టినవే. రేల కేసియా ఫిస్టులా. ఫిస్టులా అంటే లాటిన్‌లో గొట్టం, దాని కాయను చూస్తే ఆ పేరు ఎందుకో అడగక్కర్లేదు. పొగడ మిమ్యుసాప్స్ ఎలెంగి. ఈ ఎలెంగి మలయాళపు ‘ఇలంజి’ నుంచి వచ్చింది. కుటుంబాలు గుర్తుంచుకోవడం తోటపనిలో పనికొస్తుంది: రేలది చిక్కుడు కుటుంబం, పొగడది సపోటా కుటుంబం. సపోటాకు పట్టే పురుగులు కొన్ని పొగడకూ ఎందుకు పడతాయో ఇక్కడే తెలిసిపోతుంది.

ఎంత ఎత్తు, ఎంత చోటు

తోటలో రేల మామూలుగా 8 నుంచి 12 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. గొడుగు కాస్త వదులుగా, కొమ్మలు చెదిరినట్టుగా ఉంటుంది. పొగడ కూడా చివరికి 10 మీటర్లు దాటేదే, కాకపోతే ఆ ఎత్తుకు చేరడానికి ఒక తరం పడుతుంది. దాని తల గుండ్రంగా, కత్తిరించి పెట్టినట్టు చిక్కగా ఉంటుంది.

గోడ నుంచి దూరం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. చేతిలో రెండడుగుల మొక్కను పట్టుకున్నప్పుడు నాలుగు మీటర్లంటే బోలెడు దూరం అనిపిస్తుంది. రేలకు ఇంటి గోడ నుంచి కనీసం 4 మీటర్లు, పొగడకు 5 మీటర్లు వదలాలి. ప్రహరీ గోడ నుంచైతే ఒక మీటరు తగ్గించుకోవచ్చు. సెప్టిక్ ట్యాంకుకూ నీటి సంపుకూ రెండింటినీ 5 మీటర్ల అవతలే ఉంచండి. కరెంటు తీగల కింద ఏదీ వద్దు. కొట్టి కొట్టి పొగడనైతే కిందికే ఉంచవచ్చు గానీ రేలను తీగల కోసం తల నరికితే పూలు పోతాయి, ఆకారమూ పోతుంది.

ఇంత చోటు లేనివాళ్ళకి పొగడలో ఒక వెసులుబాటుంది. రెండడుగుల వెడల్పు తొట్టిలో, ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తూ, ఆరేడు అడుగుల ఎత్తులోనే ఏళ్ళ తరబడి ఉంచుకోవచ్చు. గుండ్రంగానో పలకలుగానో కత్తిరించినా ఊరుకుంటుంది, వరసగా నాటితే కంచెగానూ కుదురుతుంది. రేలను తొట్టిలో పెట్టకండి. దాని తల్లివేరు నేరుగా లోతుకు దిగాలని చూస్తుంది. తొట్టి అడుగున చుట్టుకుపోయి, ఏళ్ళు గడిచినా పువ్వు చూపించని బక్కచెట్టు తయారవుతుంది.

నర్సరీలో మోసపోకుండా

రేల అని చెప్పి సీమ తంగేడు ఇవ్వడం కొత్తేమీ కాదు. అమ్మేవాళ్ళకూ తేడా తెలియని సందర్భాలే ఎక్కువ. ఆకు చూడండి. రేల ఈనెకు మూడు నుంచి ఎనిమిది జతల చిన్నాకులే ఉంటాయి. ఒక్కో చిన్నాకు పెద్దది, ముదిరితే అరచేతి పొడవు ఉంటుంది, కొసన మొనదేలుతుంది. సీమ తంగేడు చిన్నాకులు అంతకంటే బాగా చిన్నవి, ఎక్కువ జతలు, కొసలు గుండ్రంగా మొద్దుబారినట్టు ఉంటాయి. పూలున్న చెట్టయితే సందేహమే లేదు: రేల గుత్తి కిందికి వేలాడుతుంది, సీమ తంగేడు గుత్తి పైకి నిలబడుతుంది.

పొగడకు పరీక్ష ఇంకా తేలిక. ఆకు తొడిమ దగ్గర గిల్లితే పాలు రావాలి. అంచులు అలలుగా ఉన్నాయని నరమామిడి మొక్కను పొగడ అనుకునేవాళ్ళున్నారు, దానికి పాలు రావు. పాలచెట్టుకూ పాలొస్తాయి గానీ దాని ఆకు కొస లోపలికి నొక్కినట్టు ఉంటుంది. పొగడ ఆకు కొస సన్నగా సాగుతుంది.

ఇక మొక్క ఎంపిక. ఎత్తు చూసి మురిసిపోకండి. ఒకే సంచిలో రెండు మూడేళ్ళు మగ్గిన ఆరడుగుల మొక్క కంటే, ఏడాది వయసున్న రెండడుగుల మొక్క నాలుగేళ్ళలో ముందుకెళ్తుంది. సంచి అడుగున చిల్లుల్లోంచి పెన్సిలంత లావు వేర్లు బయటికి వచ్చాయంటే లోపల వేర్లు తాడు చుట్టినట్టు చుట్టుకుని ఉంటాయి. ఆ మొక్క బతుకుతుంది, ఎదగదు. అయిదారేళ్ళకు ఒక పెద్ద గాలికి మొదలంటా వాలిపోతే అప్పుడు తెలుస్తుంది, వేర్లు ఎప్పుడూ సంచి ఆకారం దాటలేదని. కాండం మొదట్లో వేలితో కదిపి చూడండి. మట్టిగడ్డ మొత్తం కలిసి కదలాలి. కాండం ఒక్కటే ఊగితే వేరు పట్టులేదు.

గింజ నుంచి మొదలుపెట్టేవాళ్ళకి

రేల కాయ అడుగు నుంచి రెండడుగుల పొడవుండే నల్లటి గొట్టం. పువ్వు రాలాక అది ముదరడానికి దాదాపు ఏడాది పడుతుంది. అందుకే కొత్త పూల మధ్య పాత కాయలు వేలాడుతూ కనిపిస్తాయి. బాగా ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమంటాయి. ఆ చప్పుడొచ్చే కాయనే కోయండి. పైన సన్నటి చిల్లులుంటే వదిలేయండి, గింజల్ని పురుగు ముందే తినేసి ఉంటుంది.

సుత్తితో మెల్లగా కొట్టి కాయ పగలగొడితే లోపల రూపాయి బిళ్ళలు పేర్చినట్టు పలచటి అడ్డుగోడలు, వాటి మధ్య నల్లటి జిగురు గుజ్జు, గుజ్జులో ఒక్కో గింజ. రాత్రంతా నీళ్ళలో వేసి పొద్దున్నే పిసికితే గుజ్జు పోతుంది. ఇలా కడిగిన గింజను నేరుగా పాతితే నెలలు గడిచినా మొలవదు, పైపెంకు నీటిని లోపలికి రానివ్వదు. గింజకు కన్ను ఉన్న వైపు వదిలేసి, అవతలి గుండ్రటి అంచును గరుకు కాగితం మీద రుద్దండి. గోధుమ రంగు కింద లేత రంగు తొంగిచూసిందంటే చాలు, ఇంకా లోపలికి వెళ్తే పప్పు దెబ్బతింటుంది. గోళ్ళు తీసే కట్టరుతో అంచున చిన్న గాటు పెట్టినా సరే. ఆ తరవాత మామూలు నీళ్ళలో 24 గంటలు. మర్నాటికి ఉబ్బి రెట్టింపైన గింజల్ని ఒకటిన్నర సెంటీమీటరు లోతున పాతండి, ఒకటి నుంచి మూడు వారాల్లో మొలుస్తాయి. ఉబ్బనివాటిని పారేయక్కర్లేదు, మళ్ళీ రుద్ది మళ్ళీ నానబెట్టండి. మరిగిన నీళ్ళు దించి అందులో గింజలు వేసి చల్లారనిచ్చే పద్ధతీ ఉంది, ఫలితం మాత్రం ఒకలా ఉండదు. పెద్ద ఎత్తున మొక్కలు పెంచేచోట గంధకామ్లం వాడతారు, అది ఇంట్లో చేసే పని కాదు.

పొగడ గింజతో ఈ తంటా లేదు, తొందర ఉంది. నారింజ రంగుకు తిరిగిన పండు తెచ్చిన వారం లోపే గుజ్జు తీసి కడిగి పాతాలి. నూనె ఉన్న గింజ, దాచిపెడితే మొలిచే శక్తి పడిపోతుంది. పైన నిగనిగలాడే గోధుమ రంగు గింజను అడ్డంగా పడుకోబెట్టి రెండు సెంటీమీటర్ల లోతున పాతి, నీడలో ఉంచి, తడి ఆరనివ్వకుండా చూడాలి. కొన్ని మూడు వారాలకే వస్తాయి, కొన్ని రెండు నెలలు ఆగుతాయి. అన్నీ ఒకేసారి మొలవలేదని మట్టి తిరగేసి చూడకండి.

గింజ రేల పూయడానికి మంచి ఎండలో అయిదు నుంచి ఎనిమిదేళ్ళు పడుతుంది. గింజ పొగడకు అంతకంటే ఓపిక కావాలి. తొందరగా పూలు కావాలంటే గాలి అంటు కట్టిన (చెట్టు మీదున్న కొమ్మకే వేర్లు పుట్టించి వేరుచేసిన) పొగడ మొక్క అడగండి, చాలా ముందే పూస్తుంది. కొమ్మ ముక్కలు నాటి పొగడను పెంచుదామనుకుంటే ఎక్కువసార్లు నిరాశే.

నాటడం

తొలకరి పడి నేల ఒక అడుగు లోతు వరకు తడిశాక నాటితే వానలే మీ పని సగం చేస్తాయి. నీటి వసతి ఉంటే చలికాలం ముందు వరకూ పర్లేదు. ఎండాకాలంలో మాత్రం వద్దు.

గుంత రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. పదిహేను రోజుల ముందే తవ్వి ఎండకు వదిలేయండి. పై మట్టిని విడిగా, అడుగు మట్టిని విడిగా పోసుకుని, పై మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు 10 కిలోలు, చెదలున్న నేలైతే అర కిలో వేపపిండి కలపండి. ఎరువు పచ్చిగా ఉంటే వేడికి వేరు మాడుతుంది, చెదలూ చేరతాయి. మొక్క సంచిలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున ఉండాలి. కాండం మొదలు మట్టిలో కప్పబడిపోతే బెరడు కుళ్ళుతుంది, ఈ జబ్బు రెండో ఏడాదిగ్గానీ బయటపడదు.

ఇక్కడ రెండింటికీ ఒక తేడా ఉంది. సంచి చింపాక రేల వేరు అడుగున చుట్టుకుని కనిపిస్తే ఆ చుట్టను పదునైన కత్తెరతో కత్తిరించేయండి. రేల దానికి ఓర్చుకుంటుంది. కాండాన్నీ వేరునూ పొట్టిగా నరికి మోడుగా నాటినా చిగురించే జాతి అది. పొగడకు ఆ మొండితనం లేదు. దాని మట్టిగడ్డ పగలకుండా, రెండు చేతులతో కింద పట్టుకుని దింపాలి. గడ్డ పగిలిన పొగడ నెల రోజుల్లో ఆకులన్నీ వాల్చేస్తుంది.

నేల విషయంలో రెండూ పెద్దగా పేచీ పెట్టవు. ఎర్రనేలైతే ఇద్దరికీ హాయి. నల్లరేగడిలో వాన నీళ్ళు రెండు రోజులకు మించి నిలిస్తే రేల వేరు కుళ్ళుతుంది. అలాంటిచోట అడుగున్నర ఎత్తు మట్టిదిబ్బ వేసి దాని మీద నాటండి. పొగడ కాసేపు తడికాళ్ళతో నిలబడగలదు, సముద్రపు ఉప్పుగాలికీ ఓర్చుకుంటుంది. తీరానికి దగ్గర్లో ఉన్నవాళ్ళు ఇంకో ఆలోచన లేకుండా పొగడ వైపు వెళ్ళొచ్చు.

ఎండ సంగతి మర్చిపోకూడదు. రేలకు రోజుకు కనీసం ఆరేడు గంటల నేరుటెండ కావాలి. పక్కింటి మేడ నీడలో పెట్టిన రేల ఎండ కోసం ఒకవైపుకు వంగి సాగుతుంది, పూలు ఎండ తగిలిన పక్కనే నాలుగు గుత్తులు వేస్తుంది. పొగడ సగం నీడలోనూ పెరుగుతుంది. చిన్నప్పుడైతే కాస్త నీడే దానికిష్టం, మొదటి వేసవిలో పడమటి వైపు ఒక తాటాకో పచ్చ వలో అడ్డం కడితే ఆకు అంచులు మాడవు.

నీళ్ళు, ఎరువు

మొదటి ఏడాది వానలు లేని రోజుల్లో వారానికి రెండుసార్లు 15 నుంచి 20 లీటర్లు. నల్లనేలైతే వారానికి ఒకసారి చాలు. రోజూ చెంబెడు పోయడం కంటే నాలుగు రోజులకోసారి రెండు బకెట్లు పోయడం మేలు. చెంబు నీళ్ళు పైపైనే ఆగి వేర్లను పైకే రప్పిస్తాయి. పాదులో నాలుగంగుళాల లోతున వేలు పెట్టి చూడండి, చెమ్మ తగిలితే ఆ రోజుకు నీళ్ళు వద్దు. పాదు మీద ఎండుటాకులు మూడంగుళాల మందాన పరచండి, కాండానికి మాత్రం జానెడు దూరం వదలండి.

మూడో ఏడు దాటాక రెండు దారులు వేరవుతాయి. పొగడకు వేసవిలో పది పదిహేను రోజులకోసారి నీళ్ళు పోస్తూ ఉంటే ఆకు నిగారింపు తగ్గదు. రేలకు జనవరి నుంచి నీళ్ళు ఆపేయాలి. ఇది చాలామందికి మనసొప్పదు. పచ్చిక మీద చల్లే నీళ్ళు రోజూ తగిలేచోట ఉన్న రేల మార్చిలోనూ ఆకు రాల్చకుండా పచ్చగా నిలబడుతుంది, మేలో అరకొరగా పూస్తుంది. దానికి కావలసిన ఎండుకాలం దానికి ఇవ్వలేదన్నమాట.

ఎరువు రెండింటికీ తొలకరిలో ఒకసారి చాలు: మొదటి ఏడు 5 కిలోల పశువుల ఎరువు, ఏటా మరో 5 కిలోలు పెంచుతూ 25 దగ్గర ఆపేయండి. చిక్కుడు జాతి కదా, నేలకు నత్రజని తనే తెచ్చిపెడుతుందని రేల గురించి ఒక నమ్మకం ఉంది. చిక్కుడు జాతి మొక్కలు చాలావాటికి వేర్ల మీద నత్రజనిని పట్టే బుడిపెలు ఉంటాయి, రేల వేర్లకు అవి ఉండవు, గాలిలోని నత్రజనిని అది పట్టలేదు. అలాగని యూరియా గుమ్మరిస్తే కొమ్మలు సాగి ఆకే ఆకు, పువ్వు సున్నా.

కత్తిరింపు

రేల పూల గుత్తులు కిందటేడు పెరిగిన కొమ్మల మీద వస్తాయి. ఈ ఒక్క ముక్క తెలియక చలికాలంలో శుభ్రంగా ఉంటుందని కొమ్మలు కొట్టేవాళ్ళు ఆ ఏడు పూలన్నీ ముందే కొట్టేసుకున్నట్టే. పూలు రాలిన వెంటనే, జూన్ చివరా జులై మొదట్లో కత్తిరించాలి. ఆ తరవాత వచ్చిన కొత్త కొమ్మ వచ్చే వేసవికి ముదిరి సిద్ధంగా ఉంటుంది. చిన్న వయసులో రేల రెండు తలలు వేస్తుంది. బలమైనది ఉంచి రెండోది తీసేయండి, లేకపోతే పదేళ్ళ తరవాత ఆ పంగ దగ్గరే గాలికి చీలుతుంది. మొదట్లోంచీ వేర్ల మీంచీ పిలకలు వస్తుంటాయి, లేతగా ఉన్నప్పుడే పీకేయండి.

పొగడకు కాలం పట్టింపు తక్కువ. వానాకాలం చివర కత్తిరిస్తే చిగురు బాగా వస్తుంది. కింది కొమ్మల్ని తొందరపడి తీయకండి. వాటి ఆకులే కాండాన్ని లావు చేస్తాయి. మూడో ఏడు నుంచి ఏటా రెండు మూడు కొమ్మల చొప్పున తీస్తూ ఏడడుగుల దాకా కాండం తేల్చితే కింద కుర్చీ వేసుకునే చోటొస్తుంది. పాలు కారి కత్తెరకు జిగురు పడుతుంది, నూనె గుడ్డతో మధ్యమధ్య తుడుచుకోండి.

చేతి మణికట్టు కంటే లావైన కొమ్మను ఏ చెట్టుకైనా ఒక్క వేటుతో కొయ్యకూడదు, బరువుకు వాలి కాండం బెరడు నిలువునా చీరుకుపోతుంది. కాండానికి అడుగు దూరంలో కింద వైపు నుంచి మూడో వంతు కోసి, దానికి రెండంగుళాల అవతల పై నుంచి పూర్తిగా కోయండి. బరువంతా పడిపోయాక మిగిలిన మోడును కాండం దగ్గరి ఉబ్బును ముట్టకుండా తీసేయండి.

ఏవి చెడతాయి

వానలు మొదలై రేలకు లేత ఆకు రాగానే ఆకుపచ్చ గొంగళి పురుగులు పడతాయి. నిమ్మపండు రంగు రెక్కల సీతాకోకచిలుక పిల్లలవి. రెండు మూడు రోజుల్లో కొమ్మ కొమ్మే బోడి అయిపోతుంది. పెద్ద చెట్టయితే చూస్తూ ఊరుకోండి, పదిహేను రోజుల్లో మళ్ళీ చిగురిస్తుంది. మందు కొట్టడానికి నిచ్చెనలెక్కక్కర్లేదు. పిట్టలూ వాటి వంతు వచ్చి ఏరుకుంటాయి. నడుము ఎత్తు లోపు మొక్కకు మాత్రం వరసగా రెండుసార్లు ఆకంతా పోతే ప్రాణం మీదికొస్తుంది. వాటిని పొద్దున్నే చేత్తో ఏరేయడమే మంచి మందు, కుదరకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి.

పొగడ కష్టాలు నెమ్మదిగా వచ్చి నెమ్మదిగా కనబడతాయి. ఆకులు నల్లగా మసి పూసినట్టయితే తెగులు ఆకుది కాదు. పైన కొమ్మల మీద పొలుసు పురుగో పిండినల్లో చేరి తేనెబంక కారుస్తోంది, దాని మీద మసి బూజు పెరుగుతోంది. కాండం మీద చీమల బారు కనిపిస్తే నిర్ధారణ అయిపోయినట్టే, ఆ తేనె కోసం చీమలే ఆ పురుగుల్ని కాపలా కాస్తాయి. ముందు చీమల దారి మూయండి: కాండం చుట్టూ జానెడు వెడల్పు ప్లాస్టిక్ పట్టీ కట్టి దాని మీద గ్రీజు పూయాలి. గ్రీజు నేరుగా బెరడుకు తగలకూడదు. ఆ తరవాత ఇదే వేపనూనె, సబ్బు ద్రావణం పది రోజుల ఎడంతో మూడుసార్లు. పాత మసి వానకు కడిగేసుకుపోతుంది.

ఇంకొకటి ఆకుగూడు పురుగు, సపోటా తోటలవాళ్ళకు బాగా తెలిసినదే. కొమ్మ చివర నాలుగైదు ఆకులు దారాలతో కుట్టినట్టు అతుక్కుని, మధ్యలో ఎండిన మొగ్గలు వేలాడుతుంటే విప్పి చూడండి, లేత గులాబీ రంగులో చారలున్న సన్నటి పురుగు కనిపిస్తుంది. గూళ్ళను కొక్కెం కర్రతో తెంపి కాల్చేయండి. గూడు లోపలికి మందు దిగదు కాబట్టి పిచికారీ మీద ఆశ పెట్టుకోకండి.

లేతాకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము అందడం లేదని అర్థం. పొగడకు బోరునీళ్ళే దిక్కైన ఇళ్ళలో ఇది వస్తుంటుంది. చిలేటెడ్ ఇనుము (ఇలాంటి నేలలోనూ వేర్లకు అందే రూపంలో ఉన్న ఇనుము) పొడి ప్యాకెట్ మీద రాసిన మోతాదులో ఇవ్వండి, పాదులో ఏటా ఎరువు పెంచండి.

కింద పడేవి

ఈ సంగతి ఎవరూ ముందు అడగరు, నాటిన పదేళ్ళకు అందరూ దీని గురించే గొణుగుతారు. రేల మూడు విడతలుగా రాలుస్తుంది: మార్చిలో ఆకులు, వేసవిలో పసుపు రేకులు, తరవాత ఏడాదిలో ఎప్పుడైనా కాయలు. రేకులు చూడటానికి బాగుంటాయి, తడిసిన గచ్చు మీద జారతాయి. కాయలు బరువైనవి, కారు నిలిపేచోట వద్దు. కాయ గుజ్జు గట్టి విరేచనకారి. పిల్లలున్న ఇంట్లో రాలిన కాయలు ఏరేయడం మరిచిపోకండి.

పొగడ రోజూ కొంచెం కొంచెం రాలుస్తుంది. పువ్వు రేకులన్నీ కలిసి ఒక చక్రంగా, మధ్యలో చిల్లుతో రాలుతాయి, అందుకే దండ గుచ్చడం అంత తేలిక. ఎండిపోయినా వాసన వదలని పువ్వది. గొడవ పండ్లతోనే. వగరుగా, పిండిగా ఉండే పండు మనుషులకు హాని చేయదు గానీ గచ్చు మీద పడి నలిగితే అంటుకుంటుంది, చీమలు చేరతాయి. రాత్రిళ్ళు గబ్బిలాలు వచ్చి తిని గోడల మీద మరకలు చేసి వెళ్తాయి. పడకగది కిటికీకి ఆనించి నాటితే వాటి కిచకిచ కూడా మీదే. పొగడ కింద పచ్చిక బతకదు, ఆ నీడ అంత చిక్కన. గడ్డి కోసం పోరాడే బదులు కింద గులకరాళ్ళు పరిచి అరుగు కట్టుకోండి. రేల కింద నీడ పలచన, వేసవిలో అదీ ఉండదు కాబట్టి ఎండకు ఓర్చే మొక్కలే అక్కడ పెట్టండి.

ఏది ఎవరికి

పడమటి ఎండ గోడకు కొట్టి సాయంత్రానికి ఇల్లు కొలిమిలా మారుతుంటే ఇంకేమీ చూడకండి, ఆ వైపు పొగడ. చోటు తక్కువైనా, పక్క మేడల నీడ పడుతున్నా, తీరం దగ్గరైనా పొగడే. నీళ్ళు పోయడానికి మనిషి లేని ఊరి చివరి స్థలం, మూడేళ్ళు చూసి ఆ తరవాత వదిలేయాల్సిన చోటు అయితే రేల. పొద్దున్న లేవగానే వసారాలోంచి కనబడే, ఎండ నిండుగా పడే బయలు ఉంటే కూడా రేలే. ఇంటికి ఆనుకుని కాకుండా పదీ పదిహేను మీటర్ల అవతల పెట్టండి, ఆ గుత్తుల అందం దూరాన్నుంచే తెలుస్తుంది. అయిదేళ్ళలో ఇల్లు మారిపోయే ఆలోచన ఉన్నవాళ్ళు నేలలో పొగడ నాటడం వృథా, తొట్టిలో పెట్టి వెంట తీసుకెళ్ళండి.

రెండింటికీ చోటుందా? అయితే మధ్య ఎనిమిది మీటర్లు వదిలి, మీరు చూసే వైపు రేల, దాని వెనక పొగడ వచ్చేలా గుంతలు తవ్వండి. వెనక ముదురాకుపచ్చ తెర ఉంటే పసుపు గుత్తులు రెట్టింపు కొట్టొచ్చినట్టు కనబడతాయి, తెల్లటి గోడ ముందు అవే గుత్తులు వెలవెలబోతాయి. పొగడను మూడు నాలుగేళ్ళు ముందు నాటండి. రేల మొదటి గుత్తి వేసే నాటికి ఆ తెర దాని తల ఎత్తుకు ఎదిగి ఉండాలి కదా.